మోత లేని లైను

నిన్న సాయంత్రం నాలుగూ పదికి మా ఇంట్లో ఫ్రిజ్ మోత ఆగింది. కరెంటు పోలేదు. లోపల చల్లబడ్డాక ఫ్రిజ్ తనంతట తాను ఆగుతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. రోజూ ఎన్నోసార్లు జరిగేదే. నేను చదువుతున్న పుస్తకం మూసి, లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. అది మళ్లీ మోగేదాకా అక్కడే నిలబడ్డాను.

నాతో పనిచేసిన పెద్దాయన చనిపోయి నలభై రోజులైంది. ఈ నలభై రోజుల్లో నేను కుదురుగా కూర్చుని ఒక అధ్యాయం చదవలేదు. ఫ్యాను ఆగినా, ఎదురుగా వెల్డింగ్ షాపు ఆగినా, వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మరు ఆగినా తల ఎత్తుతున్నాను. ఇది ఆయన జబ్బు. నాకు అంటించి వెళ్లాడు.

మేమిద్దరం కలిసి పనిచేసింది ఒక చిన్న ప్రైవేటు కరెంటు ప్లాంటులో. కుడతినిలో ఉన్న సర్కారు ప్లాంటంత పెద్దది కాదు. పేరు చెప్పినా ఈ బళ్లారి జిల్లాలోనే చాలామందికి తెలియదు. వ్యాగన్లలో వచ్చిన బొగ్గును భూమిలో తవ్విన గుంటలోకి కుమ్మరిస్తారు. గుంట అడుగున సొరంగం. సొరంగంలో బెల్టు. బెల్టు మీద బొగ్గు బాయిలరు దాకా పోతుంది. సొరంగంలోకి దిగాలంటే నూట పన్నెండు మెట్లు. నేను పైన కంట్రోల్ రూములో షిఫ్టు క్లర్కుని. నా బల్ల మీద ఉన్న ఫోనుకు అవతలి కొస కింద సొరంగంలో ఉండేది. దాన్ని చూసుకోవడం ఆయన పని.

ఆయన సొంత ఊరు బళ్లారే. బ్రూస్‌పేటలో తాతల నాటి ఇల్లు. కానీ వయసులో చాలా భాగం గోదావరి పక్క బొగ్గు గనుల్లో, భూమి లోపల, టెలిఫోను మెకానిక్కుగా గడిపాడు. గనిని అక్కడివాళ్లు బాయి అంటారు. ఆయన కూడా చివరిదాకా బాయి అనే అన్నాడు. ముందుగానే రిటైరై ఊరికి వచ్చినవాణ్ణి, భూమి కింద తీగలు లాగడం తెలిసినవాడని మా ప్లాంటువాళ్లు పిలిచి తీసుకున్నారు.

వచ్చిన మొదటి రోజు నా బల్ల దగ్గరికి వచ్చి, పలకరించకుండా ఫోను ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. అవతల ఎవరూ లేరు. అట్లాగే కొంతసేపు విన్నాడు.

"కింద రెండో పంపు ఎక్కింది. బెల్టు ఖాళీగా తిరుగుతాంది," అన్నాడు.

నేను ప్యానెల్ చూశాను. రెండూ నిజమే.

"ఎట్ల తెలిసింది అన్నా?"

"అది చెప్తాంది కదప్పా. వినుకో."

ఫోను నా చెవికి పెట్టాడు. నాకు గుంయ్‌మనే మోత ఒక్కటే వినపడింది. ఆయనకు అందులో మనుషులను గొంతుతో గుర్తుపట్టినట్టు ఒక్కో మోటారు విడిగా వినపడేది. ఫోను తీగా మోటార్లకు కరెంటు తీసుకుపోయే లావు తీగలూ సొరంగం పొడవునా ఒకే గోడకు, పక్కపక్కనే ఉండేవి. ఆ కరెంటు సద్దు ఫోనులోకి ఎక్కేది. బాయిలో కూడా అంతేనట. బొగ్గు తొట్లు లాగే ఇంజను, నీళ్లు తోడే పంపులు, అన్నీ ఫోనులోనే మూలిగేవట.

ఆ మోతలో పనిచేసిన మనిషికి కొన్ని అలవాట్లుంటాయి. రెండో రోజే వాటిలో ఒకటి నా మీదికి వచ్చింది. కింద నుంచి ఫోను చేశాడు.

"రెండో పంపు ఆపినా. నేను చెప్పేదాకా ఎక్కించొద్దు."

"సరే అన్నా."

అవతల ఫోను పెట్టిన చప్పుడు రాలేదు.

"సరే అంటే ఏంది?"

"సరే అంటే సరే."

"నేనేం చెప్పినా?"

"రెండో పంపు ఆపినారు. మీరు చెప్పేదాకా ఎక్కించొద్దన్నారు."

"ఆఁ. ఇప్పుడు పెట్టెయ్."

పైకి వచ్చాక విడమరిచి చెప్పాడు. "బాయిలో సరే అనే మాట లేదప్పా. ఆ మోతలో ఎవుడు దేనికి సరే అన్నాడో ఎట్ల తెలుస్తుంది? నువ్వు సరే అంటావు, ఈడ నేను పంపులో చెయ్యి పెట్టింటా."

ఇంట్లోనూ ఇదే. ఒకసారి బ్రూస్‌పేటలో వాళ్లింటికి భోజనానికి వెళితే వదిన నవ్వుతూ ఫిర్యాదు చేసింది. "ఉప్పు తెమ్మంటే మీ అన్న గుమ్మంలో నిలబడి, ఉప్పు తెమ్మన్నావు, కల్లుప్పు, ఒక ప్యాకెట్టు, అని అప్పజెప్పి పోతాడు. పెండ్లి రోజు పాస్టరు ముందర కూడా అట్లే అప్పజెప్పినాడు."

"పెండ్లిలో పాస్టరు చెప్పింది అందరూ తిరిగి చెప్పాల్సిందే కదా వదినా."

"అందరూ ఆ పొద్దుతో ఆపేస్తారప్పా."

ఆయన నవ్వలేదు. తింటూనే లేచి, గోడకున్న ట్యూబ్‌లైటు పట్టీ మీద వేలు ఆనించి చూసి వచ్చి కూర్చున్నాడు. ఆయన కుదురుగా కూర్చున్నది నేను ఎప్పుడూ చూడలేదు. మేం గుడి అనే చర్చిలోనూ ఆరాధన మధ్యలో మూడో వరుస నుంచి ఆరో వరుసకు మారేవాడు. పైన ట్యూబ్‌లైటు చోకు పాడైందని, వాక్యం వినపడనివ్వడం లేదని చెప్పేవాడు. మిగతావాళ్లకు ఆ చోకు మోగుతోందని కూడా తెలియదు.

సొరంగంలో ఫోనుకు నంబర్లు లేవు. ఎత్తి, పక్కనున్న పిడి గుండ్రంగా తిప్పితే నా బల్ల మీద గంట మోగుతుంది. అంతే. కానీ పెద్ద బొగ్గు గడ్డలు రాలి తీగ తెగుతూ ఉండేది. తెగిన లైను మీద పిడి ఎంత తిప్పినా గంట రాదు. మనిషి కింద తిప్పుతూనే ఉంటాడు, పైన ఎవరికీ తెలియదు. అందుకని మొదటి నెలలోనే కింద పనిచేసే ప్రతి మనిషినీ ఫోను దగ్గరికి తీసుకుపోయి ఒక మాట నేర్పాడు.

"ఎత్తి ముందు విను. మోత ఉంటే లైను బతికుండాది, పిడి తిప్పు. మోత లేకుంటే లైను సచ్చింది. తిప్పుకుంటా కూచోవద్దు, టైము పోగొట్టుకోవద్దు, పైకి రా."

తిరిగి చెప్పించుకునేవాడు. చెప్పేదాకా వదిలేవాడు కాడు.

నాలుగేళ్లు అట్లా నడిచింది. తర్వాత బెల్టు వేగం మార్చడానికి కొత్త యంత్రాలు పెట్టారు. వాటితో ఫోనులో మోత కీచుగా మారింది, మాట వినపడటం మానేసింది. మేనేజరు ఆయన్ని పిలిచి ఏదో ఒకటి చెయ్యమన్నాడు. ఆయన మూడు ఆదివారాలు గుడి మానేసి సొరంగంలోనే ఉన్నాడు. ఫోను తీగను అవతలి గోడకు మార్చాడు. రెండు పోగులూ మెలివేసిన కొత్త తీగ తెప్పించి ఇనుప గొట్టంలోంచి లాగాడు. దాని పైపొరను ఒక కొసన మాత్రమే భూమికి కలిపాడు. రెండు కొసలా కలిపితే మోత మళ్లీ వస్తుందట.

మూడో ఆదివారం సాయంత్రం కింద నుంచి గంట మోగింది. ఎత్తాను. ఏ సద్దూ లేదు. తర్వాత ఆయన గొంతు పక్కన కూర్చున్నట్టు వినపడింది.

"నేను ఊపిరి పీల్చేది వినపడతాందా?"

"వినపడుతోంది."

"తిరిగి చెప్పు."

"మీరు ఊపిరి పీల్చేది వినపడుతోంది."

ఆయన నవ్వాడు. అంతకుముందు ఆ నవ్వు నేను వినలేదు. "బాయిలో ఇట్లాంటి లైను ఒక్కటి కూడా చెయ్యలేకపోతినప్పా," అన్నాడు.

సోమవారం, మంగళవారం పైనుంచే ఫోన్లు వెళ్లాయి. గంట మోగితే కిందివాళ్లు ఎత్తి మాట్లాడారు. అందరూ బాగుందన్నారు. కింద నుంచి పైకి ఫోను చెయ్యాల్సిన అవసరం ఎవరికీ పడలేదు.

బుధవారం మధ్యాహ్నం వాన కొట్టింది. సొరంగం అడుగున పంపుల దగ్గర ఎర్రిస్వామి డ్యూటీలో ఉన్నాడు. తారానగర్ మనిషి, అంతకుముందు కూలిపనికి పోయేవాడు. జాగ్రత్త ఎక్కువ. టిఫిన్ డబ్బా కూడా పంపుకు దూరంగా పెట్టేవాడు. పంపు ఆగిపోయింది. దాన్ని మళ్లీ ఎక్కించే స్విచ్చి పైన నా గదిలో ఉంది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఎర్రిస్వామి ఫోను ఎత్తాడు. విన్నాడు. పెట్టేశాడు. మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. పరుగు మీద ఎనభయ్యో మెట్టు దాకా వచ్చి, బొగ్గు బురదలో కాలు జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. టీ తెచ్చే మనిషి చూసేదాకా నలభై నిమిషాలు మెట్ల మీదే ఉన్నాడు. ఆ నలభై నిమిషాలూ నేను ఫోను ముందు కూర్చుని పుస్తకం చదువుతున్నాను.

ఆ సాయంత్రమే ఫోను పరీక్షించారు. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎర్రిస్వామి ఆసుపత్రి మంచం మీద నుంచి ఫోను చచ్చిపోయి ఉందన్నాడు. మెమో తయారైంది. పనిచేస్తున్న ఫోను వాడలేదు, పైగా అబద్ధం చెబుతున్నాడు. సంతకం పడితే కాంట్రాక్టు లిస్టులోంచి అతని పేరు తీసేస్తారు. విరిగిన కాలుతో అతనికి మళ్లీ కూలిపని కూడా దొరకదు.

ఆయనకూ కోపం వచ్చింది. అది ఇక్కడ రాయకపోతే తప్పు. "నా లైను సచ్చిందంటాడా? మీటరు పెట్టి చూసినా. రొంత కూడా తేడా లేదు," అని గదిలో అటూ ఇటూ తిరిగాడు. తర్వాతి ఆదివారం ఉదయం మా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు. "తారానగర్ పోదాం రాప్పా. వాని నోట్నే వింటా," అన్నాడు.

ఎర్రిస్వామి కట్టుతో మంచం మీద ఉన్నాడు. లేవబోతే ఆయన వద్దని చెయ్యి ఊపాడు. అతని భార్య కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదు.

"ఫోను ఎత్తినావా?"

"ఎత్తినా సార్."

"పిడి తిప్పినావా?"

"లేదు."

"ఏంటికి తిప్పలేదు?"

"సచ్చిన లైనుకు తిప్పేది ఏంటికి సార్?"

"సచ్చిందని ఎవురు చెప్పినారప్పా నీకు?"

ఎర్రిస్వామి ఆయన ముఖంలోకి చూశాడు. గొంతు పెంచలేదు.

"మోత లేదు కద సార్. మీరే చెప్పితిరి. మోత ఉంటే తిప్పు, మోత లేకుంటే టైము పోగొట్టుకోవద్దు, పైకి రా అని. తిరిగి చెప్పమంటిరి. నేను తిరిగి చెప్పితి."

ఆయన కుర్చీని వదిలేసి, నేల మీద, మంచం కోడుకు ఆనుకుని కూర్చున్నాడు. చాలాసేపు కదల్లేదు. నేను అక్కడ ఉన్నానని కూడా మరిచిపోయినట్టున్నాడు. ఎర్రిస్వామి భార్య ఇచ్చిన నీళ్లు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా కింద పెట్టాడు.

తిరుగు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాడు. బళ్లారి స్టాండులో దిగాక ఒక్క మాట అన్నాడు. "మీటరును అడిగినానప్పా. మనిషిని అడగలేదు."

విచారణ రోజు మేనేజరు గదిలో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. ఆయన సొరంగం ఫోనును ఊడదీసి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అదే రకం తీగ పక్క గదిలోకి లాగి, దాని కొసన ఇంకో ఫోనుతో నన్ను కూర్చోబెట్టాడు. తలుపు తెరిచే ఉంది.

"సార్, ఇది ఎత్తి వినండి. పిడి తిప్పొద్దు. లైను బతికుండాదా సచ్చిందా చెప్పండి."

మేనేజరు విన్నాడు. "ఏన్రీ ఇదు, ఏంది ఇది, డెడ్ కదా," అని పక్కాయనకు ఇచ్చాడు. ఆ అధికారి కూడా విని తల అడ్డంగా ఊపి, మళ్లీ మేనేజరుకే ఇచ్చాడు.

"చెవికే పెట్టుకోండి సార్," అని ఆయన నా వైపు చూశాడు. ముందుగా చెప్పిపెట్టిన మాట నేను ఫోనులో అన్నాను.

"కంట్రోల్ రూము నుంచి మాట్లాడుతున్నాను. కింద నీళ్లు ఎంతదాకా వచ్చినాయి?"

మేనేజరు చెయ్యి బల్లకు తగిలి పెన్ను కింద పడింది. ఎవరూ దాన్ని తియ్యలేదు.

"ఎర్రిస్వామి అబద్ధం చెప్పలేదు సార్. మీరూ చెప్పలేదు," అన్నాడు ఆయన.

"మరి తప్పు ఎవరిదప్పా?"

"నాది. మోత లేకుంటే పైకి రమ్మని నేర్పింది నేను. మోత తీసేసింది నేను. తీసేసినప్పుడు ఆ నేర్పిన మాటను మార్చలేదు. వాడు నేను చెప్పింది చెప్పినట్టు చేసినాడు."

"అది రాసిస్తారా?"

నిలబడే రాశాడు. పైకి చదివి, కాగితం బల్ల మీద పెట్టాడు. కానీ చెయ్యి దాని మీద నుంచి తియ్యలేదు.

"మీరు ఒకసారి తిరిగి చెప్పండి సార్."

గదిలో ఎవరో నవ్వబోయి ఆగారు. మేనేజరు ఆయన్ని కొంతసేపు చూసి, నెమ్మదిగా చెప్పాడు. "తప్పు మీది. ఎర్రిస్వామిది కాదు. ఎర్రిస్వామి పేరు లిస్టులో ఉంటుంది." అప్పుడు ఆయన చెయ్యి తీశాడు.

మెమో ఆయన పేరు మీదికి మారింది. దాన్ని మడిచి పనిముట్ల సంచిలో పెట్టుకున్నాడు. చివరిదాకా అక్కడే ఉంది. టెస్టర్ కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా తగిలేది.

ఆ వారమే కంట్రోల్ రూములో నా బల్ల కింద కాలింగ్ బెల్లు ట్రాన్స్‌ఫార్మరు ఒకటి బిగించి, దానిలోంచి సన్నటి మోతను లైనులోకి వదిలాడు. మోత పైనుంచే పుట్టాలన్నాడు. అప్పుడే మధ్యలో తీగ తెగితే కింద ఆగిపోతుంది. మేనేజరు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "మూడు ఆదివారాలు కూర్చుని తీసేసిన మోతను మళ్లీ మీరే పెట్టినారా?"

"అది మోటార్లు పెట్టిన మోత సార్. ఇది నేను పెట్టింది. మాటకు అడ్డం రాదు."

ఎర్రిస్వామి అయిదు నెలల తర్వాత పనిలోకి వచ్చాడు. కుంటుతూ, కమ్మీ పట్టుకుని మెట్లు దిగాడు. ఆయన నా కుర్చీ వెనుక నిలబడి ఉన్నాడు. గంట మోగగానే నాకంటే ముందు ఫోను ఎత్తాడు.

"మోత ఉండాది సార్," అన్నది అవతలి గొంతు.

"మోత ఉండాదన్నావు," అన్నాడు ఆయన. ఫోను పెట్టి బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజు మళ్లీ నా గదిలోకి రాలేదు.

అప్పటినుంచి ఆయన స్థిమితం ఇంకా పోయింది. ఏది బాగుచేసినా మీటరు చూసి ఊరుకునేవాడు కాడు. ఆ వస్తువు వాడే ప్రతి మనిషి దగ్గరికీ వెళ్లి, "ఇప్పుడు నీకేం వినపడతాంది?" అని అడిగేవాడు. స్విచ్చిబోర్డు బాగుచేసి కూడా అదే అడిగితే వదిన, "నీ మాటలు వినపడతాండాయి, చాలదా?" అంది. గుడిలో యాంప్లిఫయరు మోత తీసేస్తే ఆ ఆదివారం పాస్టరు వాక్యం చెబుతూ మధ్యమధ్య మైకును వేలితో తట్టడం మొదలుపెట్టాడు. పక్కన ఉన్న నా వైపు వంగి ఆయన, "మళ్లా అదే తప్పు చేసినా చూడప్పా," అన్నాడు. మరుసటి ఆదివారానికి కొంచెం మోత తిరిగి వచ్చింది. పాస్టరు తట్టడం మానేశాడు. ఎందుకు మానేశాడో పాస్టరుకే తెలియదు.

మేమిద్దరం పని మానేశాక ఆయన రోజూ సాయంత్రం నాలుగూ పదికి నాకు సెల్లులో ఫోను చేసేవాడు. ప్లాంటులో లైను పరీక్షించే వేళ అది. అప్పటికి మోటార్లన్నీ ఎక్కి ఉంటాయి. సెల్లు ఆయనకు నచ్చేది కాదు. మాట ఆగితే అవతల మనిషి ఉన్నదీ లేనిదీ తెలియదనేవాడు. అందుకని నేను మాట్లాడుతున్నంతసేపూ గొంతులోంచి సన్నగా, ఆపకుండా ఊఁ అంటూ ఉండేవాడు. కథ వినేవాళ్లు కొట్టే ఊ లాంటిది కాదు. అది మధ్యమధ్యన వస్తుంది. ఈయనది తెగేది కాదు. మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. తర్వాత అది లేకుండా నేను మాట్లాడలేకపోయాను.

ఆసుపత్రిలో చివరి వారం ఆయన పెద్దగా మాట్లాడలేదు. నేనే పక్కన కూర్చుని ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. కళ్లు మూసుకుని ఊఁ అంటూ ఉండేవాడు. ఒకచోట అది ఆగింది. నేను మాట ఆపేశాను. ఆయన కళ్లు తెరిచి, "ఈడనే ఉండా, చెప్పు," అన్నాడు. నేనేం చెబుతున్నానో నాకు గుర్తు రాలేదు.

సమాధుల తోటకు ఎర్రిస్వామి వచ్చాడు. రెండు బస్సులు మారి, కుంటుతూ, అందరికంటే ముందు వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ప్లాంటులో అతను వాచ్‌మన్. మట్టి వేశాక ఇద్దరం గోడ పక్కన నిలబడ్డాం.

"లైను ఎట్లా ఉంది?" అని అడిగాను. ఏం అడగాలో తెలియక అడిగాను.

"పీకేసినారు సార్, పోయిన నెల. తీగ కూడా చుట్టి లారీలో ఏసినారు. వాకీటాకీలు ఇచ్చినారు. నొక్కితే మాట, ఇడిస్తే ఏమీ ఉండదు."

"ఆయనకు చెప్పావా?"

"లేదు సార్. ఎట్ల చెప్పేది?"

"విన్నది తిరిగి చెబుతారా?"

"ఓకే అంటారు," అన్నాడు.

సొరంగంలో ఇప్పుడు ఎవరూ ఫోను ఎత్తి ముందు వినరు. విన్న మాటను తిరిగి చెప్పరు.